గాజుతొట్టిలో పచ్చని మొక్క
(ఉగాది ఉత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి ఉగాదికీ మన సభలో పంచాంగ శ్రవణం వుంటుంది, పద్యపఠనం వుంటుంది, పెద్దల ఉపన్యాసాలు వుంటవి. ఈసారి కార్యదర్శిగారు, "ఇంటిల్లిపాదికీ పనికివచ్చే మాట ఏదైనా చెప్పండి" అన్నారు. నేను వృక్షశాస్త్రం చదివిన పండితుణ్ణి కాను. చాలాకాలంగా ఇంట్లో ఒక చేపలతొట్టి పెట్టుకొని, దానిలో మొక్కలు పెంచుకొంటున్న గృహస్థును మాత్రమే. ఆ అనుభవమే మీతో పంచుకొంటాను.

ఈ చెన్నపట్నంలో మనలో చాలామందికి పెరడు లేదు. తులసికోటకు బాల్కనీలో మూరెడు చోటు దొరికితే అదే పదివేలు. అందుచేత పిల్లలు కుక్కపిల్ల కావాలని మొదలుపెట్టి, బేరం కుదరక, చివరకు చేపలతొట్టి దగ్గర రాజీపడతారు. తండ్రి కొళత్తూరు వెళ్ళి తొట్టీ, రంగుచేపలూ, నాలుగు మొక్కలూ తెస్తాడు. వారం రోజులు ఇల్లంతా పండుగ. రెండో వారంలో మొక్కల ఆకులు కరిగిపోతవి. మూడో వారంలో నీరు మసకబారుతుంది. తరువాత చేప ఒకటి వెల్లకిలా తేలుతుంది, పిల్ల ఏడుస్తుంది. మూడు నెలలలో తొట్టి అటకెక్కుతుంది. చేతకాని పని పెట్టుకొన్నామని పెద్దలు అనుకొంటారు. ప్రాణమున్నదాన్ని పెంచటం మనవల్ల కాదని పిల్లలు నేర్చుకొంటారు. ఈ రెండో నష్టమే పెద్దది. అది తప్పాలంటే చేపలకంటె ముందు మొక్కను తెలుసుకోవాలి. ఇదే నేను చెప్పదలచిన విషయం.

తొట్టిలో మొక్క అలంకారం కోసమే అనుకొంటే పొరపాటు. నీటిలో మునిగిన ఆకు ఎండలో వున్నప్పుడు బుడగలు వదులుతుందనీ, చీకటిలో వదలదనీ 1779లో ఇంగెన్‌హౌజ్ అనే వైద్యుడు పరీక్షలు చేసి చూపాడు. ఆ బుడగలు ప్రాణవాయువు. 1850లో లండనులో వారింగ్టన్ అనే రసాయనశాస్త్రజ్ఞుడు ఇంకొక మెట్టు ఎక్కాడు. పన్నెండు గాలనుల తొట్టిలో రెండు బంగారుచేపలనూ, వాలిస్నేరియా అనే నీటిగడ్డినీ పెట్టి, కుళ్ళిన ఆకులను తినటానికి నత్తలను చేర్చి, ఆ మూడూ ఒకదానినొకటి పోషించుకొంటూ బ్రతకటం గమనించి ప్రకటించాడు. ఇళ్ళలో చేపలతొట్టి పెట్టే ఆచారానికి పునాదులు వేసిన పరీక్షలలో అది ఒకటి.

చేప వదిలే మలినంలో అమోనియా వుంటుంది. అది చేపకు విషం. నీటిలోనూ ఇసుకలోనూ స్థిరపడే సూక్ష్మజీవులు దానిని నైట్రైటుగానూ, తరువాత అంత హాని లేని నైట్రేటుగానూ మారుస్తవి. మొక్క అమోనియానూ తింటుంది, నైట్రేటునూ తింటుంది. ఒకరికి విషమైనది ఇంకొకరికి ఎరువు అన్నమాట. అయితే రాత్రివేళ మొక్క కూడ మనవలెనే ప్రాణవాయువును పీల్చుకొంటుంది. కాబట్టి మొక్కలున్నవి గదా అని తొట్టినిండా చేపలను కుక్కరాదు.

ఇక ఏ మొక్కలు కొనాలి? ఈ ఊళ్ళో పాతకాపులకు మూర్ మార్కెట్టు జ్ఞాపకం వుంటుంది. పక్షులూ పెంపుడుజంతువులూ అమ్మే ఆ పాత భవనం 1985లో కాలిపోయింది. ఇప్పుడు రంగుచేపలన్నా, నీటిమొక్కలన్నా అందరూ చెప్పే పేరు కొళత్తూరే. అక్కడి అంగళ్ళలో అందమైన పేర్లతో అమ్మే మొక్కలలో కొన్ని మన చెరువులలోనూ కాలవలలోనూ పుట్టి పెరిగేవే. హైడ్రిల్లా, వాలిస్నేరియా, సెరటోఫిల్లం ఇవన్నీ మన తాతలు నాచు అని ఒక్కమాటలో తేల్చి, కాళ్ళకు చుట్టుకొంటే విదిలించుకొన్నవి. వాటిని ఈనాడు మనం డబ్బిచ్చి కొంటున్నాము. అలాగని ఊరికి వెళ్ళినప్పుడు కాలవలో నుంచి పీకి తెచ్చి తిన్నగా తొట్టిలో వేయకండి. వాటితోపాటు తూనీగ పిల్లపురుగులు వస్తవి. అవి చేపపిల్లలను పట్టి తింటవి. పొలాలలో చల్లిన పురుగుమందూ రావచ్చు.

కొత్తవారికి నేను చెప్పే మొక్కలు అయిదు. మొదటిది వాలిస్నేరియా. రిబ్బనువంటి పొడుగాటి ఆకులు. ఇసుకలో వేరు పట్టుకొంటే పక్కకు తీగ సాగి పిలకలు వేస్తుంది. రెండవది సెరటోఫిల్లం, అంగట్లో హార్న్‌వర్ట్ అని అడగండి. దీనికి వేళ్ళే లేవు. నీటిలో వదిలిపెడితే చాలు, మలినాలను తిని శీఘ్రంగా పెరుగుతుంది. మూడవది జావా ఫెర్న్, నాలుగవది అనూబియాస్. ఈ రెండూ తక్కువ వెలుతురులో కూడ బ్రతుకుతవి, మెల్లగా పెరుగుతవి. ఆకులు దళసరిగా వుండటం వల్ల చేపలు సాధారణంగా వాటి జోలికి పోవు. అయిదవది క్రిప్టోకొరైన్. మొదట్లో అలిగినా, కుదురుకొన్న తరువాత ఏళ్ళతరబడి నిలుస్తుంది. జావా ఫెర్న్ ఆగ్నేయాసియాది, అనూబియాస్ పశ్చిమ ఆఫ్రికాది, ఎక్కువగా దొరికే క్రిప్టోకొరైన్ వెంటియై సింహళద్వీపానిది. మన తొట్టిలో కాపురమున్నవారిలో కూడ చాలామంది వలస వచ్చినవారే!

కొనరాని మొక్కలు కూడ చెప్పాలి. లక్కీ బాంబూ అనే పేరుతో అమ్మేది వెదురూ కాదు, నీటిమొక్కా కాదు. దాని వేళ్ళు నీటిలో వుండవచ్చు గాని, ఆకులు మునిగితే కొన్నాళ్ళకు కుళ్ళి నీటిని పాడుచేస్తుంది. మనీ ప్లాంటూ అంతే. కాని ఆకులు బయట వుంచి వేళ్ళు మాత్రం నీటిలోకి దించితే, అది నైట్రేటును చక్కగా లాగుతుంది. ఎర్రటి ఆకుల మొక్కలకూ, పచ్చికవలె నేలంతా పరచుకొనే చిన్నమొక్కలకూ బలమైన వెలుతురు కావాలి, తరచు బొగ్గుపులుసు వాయువు కూడ అందించాలి. మొదటి ఏడాది వాటి జోలికి పోకండి. చేపలలో బంగారుచేప మొక్కలను పెల్లగించి తింటుంది. గప్పీలు, మాలీలు మొక్కలతో సఖ్యంగా వుంటవి.

తొట్టి మరీ చిన్నది వద్దు. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు వున్న తొట్టి పూర్తిగా నింపితే సుమారు 56 లీటర్లు పడుతుంది. ఇసుకా ఖాళీ పోగా 45 లీటర్ల నీరు నిలుస్తుంది. చిన్నతొట్టిలో నీరు తొందరగా వేడెక్కుతుంది, తొందరగా పాడవుతుంది. నిండిన తొట్టి చాలా బరువు. బలమైన బల్ల చూచుకోండి. పడమటి కిటికీ పక్కన మాత్రం పెట్టకండి.

అడుగున రెండుమూడంగుళాల మందాన ఏటి ఇసుక, బియ్యం కడిగినట్లు తేటనీరు వచ్చేదాకా కడిగి పరవండి. సముద్రపు ఒడ్డు ఇసుక వద్దు; దానిలో ఉప్పూ గవ్వపొడీ వుంటవి. ఇసుకలో సున్నం వున్నదీ లేనిదీ తెలియాలంటే చారెడు ఇసుకమీద కాస్త వినిగరు పోయండి. నురగ పొంగితే సున్నం వున్నదన్నమాట. అది మన నీటిని ఇంకా కఠినం చేస్తుంది.

నీటి సంగతి మనకు తెలియనిది కాదు. ఇక్కడ చాలా పేటలలో బోరునీరు కఠినమైనది. పప్పు వుడకదు, సబ్బు నురగ రాదు, బకెట్టు అంచున తెల్లని గార కడుతుంది. ఇటువంటి నీటిలో వాలిస్నేరియా, హైడ్రిల్లా బాగా పెరుగుతవి. నీటిలోని బైకార్బొనేటునుంచి తమకు కావలసిన అంగారాన్ని తీసుకోగల శక్తి వాటికి వున్నది. సన్నని విసనకర్ర ఆకుల కబోంబాకు మాత్రం మెత్తని నీరే హితవు. నీరు నాలుకకు ఉప్పగా తగిలితే ఆ నీరు వాడకండి. కుళాయినీటిలో క్లోరిన్ వుంటుంది; వెడల్పాటి బకెట్టులో పట్టి ఒక రోజు తెరచివుంచి పోయండి. ఆర్.ఓ. యంత్రం నీటిలో లవణాలు దాదాపు వుండవు. అది ఒక్కటే పోస్తే మొక్కకూ చేపకూ కూడ చాలదు; బోరునీటిలో కలిపి వాడుకోవచ్చు.

మొక్కలు తెచ్చినరోజే నాటకుండా, వేరే బకెట్టులో వెలుతురు తగిలేచోట వారం రోజులు వుంచండి. ఆకుల అడుగున జిగురుముద్దలవలె అంటుకొన్న నత్తగుడ్లను వేలితో తుడిచివేయండి. కుండీతో వచ్చిన మొక్క అయితే కుండీనీ, దానిలోని దూదివంటి పదార్థాన్నీ ఓపికగా తీసివేయండి. పొడుగువేళ్ళను అంగుళం వుంచి కత్తిరించండి. నాటేటప్పుడు రెండు నియమాలు మరువరాదు. వాలిస్నేరియాకూ క్రిప్టోకొరైనుకూ వేళ్ళు మాత్రమే ఇసుకలో వుండాలి; ఆకులు పుట్టే మొవ్వు పైకి కనబడాలి. జావా ఫెర్నుకూ అనూబియాసుకూ అడ్డంగా పాకే లావుపాటి కాండం వుంటుంది. దానిని ఇసుకలో పాతితే కుళ్ళుతుంది. రాతికో చెక్కకో దారంతో కట్టి వదిలిపెట్టండి. వేళ్ళు తామే పట్టుకొంటవి.

మొక్కలు ముందు, చేపలు తరువాత. నాటిన తరువాత మూడు నాలుగు వారాలు ఆగి, అప్పుడు అయిదారు గప్పీలతో మొదలుపెట్టండి. పిల్లలు ఒప్పుకోరు, నాకు తెలుసు. కాని ఈ నిరీక్షణలోనే అసలు చదువు వున్నది.

ఎందుకంటే ఈ రోజులలోనే చాలామంది మొక్కను పారేస్తారు. అంగట్లో ఆకుపచ్చగా నిగనిగలాడిన క్రిప్టోకొరైన్ ఇంటికి వచ్చిన వారం పదిరోజులకు ఆకులు గాజువలె పలచబడి, జిగురై, కరిగిపోతవి. "చచ్చిన మొక్కను అంటగట్టాడు" అని అంగడివాణ్ణి తిట్టి, పీకి చెత్తబుట్టలో వేస్తారు. నిజానికి ఆ మొక్క చావలేదు. క్రిప్టోకొరైన్, అనూబియాస్ వంటి మొక్కలను నారుమళ్ళవారు చాలాచోట్ల నీటిలో ముంచకుండా, వేళ్ళు తడిలోనూ ఆకులు తేమగాలిలోనూ వుండేటట్లు పెంచుతారు. గాలిలో పుట్టిన ఆకు నీటిలో బ్రతకటానికి తయారైనది కాదు. అంతేకాదు, నీటిలోనే పెరిగిన మొక్కకు కూడ నీరు మారితే, వెలుతురు మారితే పాత ఆకు పనికిరాకపోవచ్చు. మొక్క ఆ ఆకులను వదిలివేసి, వేరులో దాచుకొన్న సత్తువతో కొత్తనీటికి తగిన కొత్త ఆకులు వేస్తుంది. దీనికి మూడు నాలుగు వారాలు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ కూడ పడుతుంది.

కనుక మీరు చేయవలసినది ఇంతే. కరిగిన ఆకులను కత్తెరతో తీసివేయండి, లేకపోతే అవి కుళ్ళి నీటిని పాడుచేస్తవి. వేరును మాత్రం కదిలించకండి. బ్రతికివున్నదా లేదా అని రోజూ పీకి చూచే మొక్క ఎన్నటికీ బ్రతకదు. అనుమానం తీరకపోతే వేలితో మొవ్వును మెల్లగా తాకండి. గట్టిగా వుంటే ప్రాణం వున్నట్లే. మెత్తగా నలిగి దుర్వాసన వస్తే అప్పుడు తీసివేయవచ్చు. ఒక ఊరినుంచి ఇంకొక ఊరికి తరలివచ్చి నిలదొక్కుకొన్న కుటుంబాలవారం మనం. పాత ఆకు రాలినంతమాత్రాన మొక్క పోయినట్లు కాదని మనకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. వేరు చెడకుండా చూచుకోవటమే ముఖ్యం.

వెలుతురు విషయం. తెల్లని ఎల్.ఇ.డి. దీపం, దానిమీద 6,500 కెల్విన్ అని వుంటే మంచిది, రోజుకు ఆరునుంచి ఎనిమిది గంటలు చాలు. ఒకే వేళకు వెలిగించి ఒకే వేళకు ఆర్పండి. అతిథులు వచ్చినప్పుడల్లా చూపించటానికి అర్ధరాత్రిదాకా వెలిగిస్తే పెరిగేది మొక్క కాదు, పాచి. గాజుమీద పచ్చని పాచి దట్టంగా పడితే వెలుతురు ఎక్కువైనదనో, మేత ఎక్కువైనదనో అర్థం. మందులకోసం పరుగెత్తకుండా, దీపాన్ని ఆరు గంటలకు తగ్గించండి, మేత తగ్గించండి, వారానికి నాలుగోవంతు నీరు తీసి కొత్తనీరు పోయండి, హార్న్‌వర్ట్ మరి నాలుగు కాడలు వేయండి. చేపలకు రెండు నిమిషాలలో తినగలిగినంతే మేత. ఇంట్లో తాతగారూ నానమ్మగారూ మనుమడూ వేరువేరుగా మేత వేయటం వల్ల చెడిన తొట్లు ఎన్నో వున్నవి. ఆ అధికారం ఒక్కరికే ఇవ్వండి.

ఎరువు గురించి ఒక హెచ్చరిక. పూలకుండీలకు వేసే యూరియా, డి.ఎ.పి. చిటికెడయినా తొట్టిలో వేయరాదు. వాటివల్ల నీటిలో అమోనియా పెరిగి చేపలు చచ్చిపోతవి. చేపలున్న తొట్టిలో మొదటి నెలలు చాలామొక్కలకు చేపల మలినమే చాలు. తరువాత ఆకు చూచి తెలుసుకోవచ్చు. పాత ఆకులు పసుపుబారితే నత్రజని చాలలేదు. పాత ఆకులలో సన్నని రంధ్రాలు పడితే పొటాషియం లోపం కావచ్చు. కొత్త ఆకులు తెల్లబోతే ఇనుము అందటం లేదు. కఠినమైన నీటిలో ఇది ఎక్కువ. అప్పుడు నీటిమొక్కలకనే తయారుచేసి అమ్మే ద్రవం చెప్పిన మోతాదులో సగంతో మొదలుపెట్టండి. క్రిప్టోకొరైనుకు, వాలిస్నేరియాకు వేళ్ళదగ్గర గుచ్చే బిళ్ళలు దొరుకుతవి.

ఉగాది వెళ్ళగానే ఎండలు ముదురుతవి. మనం కర్తరి అనేదాన్ని ఇక్కడివారు కత్తిరి అంటారు. పేరు ఏదైనా వేడి ఒకటే. నీరు వేడెక్కినకొద్దీ దానిలో ప్రాణవాయువు తగ్గుతుంది. తొట్టి మూత కాస్త తెరచి, నీటిపైన గాలి తగిలేటట్లు చిన్న ఫ్యాను పెట్టండి. కుండలో నీరు చల్లబడే సూత్రమే ఇది. ఆవిరైన నీటికి బదులు నీరు పోస్తూ వుండండి. మంచుగడ్డలు వేయకండి, హఠాత్తుగా చల్లబడటం చేపకు మరింత ప్రమాదం. గాలిపంపును రాత్రిళ్ళు ఆపకండి.

చివరిమాట అన్నిటికంటె ముఖ్యమైనది. మొక్క కుదురుకొన్న తరువాత విపరీతంగా పెరుగుతుంది. కత్తిరించిన కాడలను ఏంచేయాలి? ఇరుగుపొరుగుకు ఇవ్వండి, మన సంఘంలో తొట్టి పెట్టదలచిన పిల్లలకు ఇవ్వండి. మిగిలినవి బాగా ఎండబెట్టి పూలకుండీలకు ఎరువుగా వేయండి. పాపమని చెరువులోనో కాలవలోనో వదలకండి. అది దయ కాదు. దక్షిణ అమెరికానుంచి అందమైన పూవులకోసం తెచ్చిన గుర్రపుడెక్క మన చెరువులను ఎలా కప్పివేసిందో మీరంతా చూచినవారే. 2020లో కేరళలో కోళికోడు జిల్లాలోని ఆవళపాండి దగ్గర ఒక కాలవ గులాబిరంగు పూలతో నిండిపోతే జనం తిరునాళ్ళకు వెళ్ళినట్లు వెళ్ళి చూచారు. అది తొట్లలో పెంచే కబోంబా జాతి. దాని సొంతదేశం కూడ దక్షిణ అమెరికాయే. ఆ అందం వెనుక ఊపిరాడక అణగిపోయేవి అక్కడి నీటిమొక్కలు. దీనికి ఎదురుగా, మన హైడ్రిల్లా 1950 తరువాతి తొలి సంవత్సరాలలో తొట్టిమొక్కల వ్యాపారంద్వారా అమెరికాలోని ఫ్లోరిడా చేరి అక్కడి సరస్సులను ముంచెత్తింది. ఇక్కడ సాధువైన మొక్క అక్కడ రాక్షసి అయింది. తొట్టిలో పెరిగినది తొట్టి ఎల్ల దాటరాదు.

తల్లులారా, తండ్రులారా, ఈ పనిని పూర్తిగా మీరే చేయకండి. నీరు మార్చే రోజు అబ్బాయికి, ఆకులు కత్తిరించే పని అమ్మాయికి అప్పగించండి. కొత్త ఆకు విచ్చుకొన్న తేదీని ఒక పుస్తకంలో రాయించండి. తెలుగులో రాయిస్తే ఇంకా సంతోషం. పిలక, మొవ్వు, కాడ, వేరు, నాచు, పాచి అనే మాటలు మన పట్నపు పిల్లలకు బడిలో దొరకవు. తొట్టి దగ్గర కూర్చుండి చేతితో చూపి చెపితే మరి మరచిపోరు.

పిల్లలారా, మీకు ఒక్కటే మాట. ఆకు కరిగిపోతే ఏడవకండి, మొక్కను పీకకండి. నెలరోజులు ఆగండి.

పులిహోర వాసన వస్తున్నది గనుక ఇక నేను ఆపటం న్యాయం.  ఈ కొత్త సంవత్సరం మీ ఇళ్ళన్నిటికీ ఆరోగ్యమూ, పాడిపంటలూ, పచ్చదనమూ తీసుకొనిరావాలని కోరుతూ సెలవు తీసుకొంటున్నాను.